వదిలేసిన మూడో చరణం

పాటలో ఒక చరణం వదిలేసి పాడితే దేవుడికి అది పూర్తి పాటగానే చేరుతుందా? ఈ అనుమానం తొమ్మిదేళ్లుగా నన్ను వదల్లేదు. ఒకసారి పాస్టరుగారిని అడిగాను. "ఆయన హృదయం చూస్తడు బిక్షపతీ, చరణాలు లెక్కపెట్టడు" అన్నారు. మంచి జవాబే. కానీ నా హృదయంలో ఏముందో నాకు తెలుసు కాబట్టి నిమ్మళం దొరకలేదు.

సత్తుపల్లిలో మా సంఘానికి పాట ఎత్తుకునేది నేనే. గనిలో పంపు ఆపరేటరుగా చేసిన రోజుల్లోనూ అంతే, రిటైరయ్యాకా అంతే. కీర్తన నంబరు చెప్పి "ఒకటి, రెండు, ఆఖరి చరణం" అంటాను. నాకు ముందున్నాయనా అలాగే అనేవాడు. ఆరాధన పొడుగవుతుందని ఎవరో ఎప్పుడో మొదలుపెట్టి ఉంటారు.

నేను చెప్పే కీర్తన నూట యాభై ఏళ్ల కిందట అమెరికాలో పుట్టిందట. మాటలు రాసింది ఒక ఆవిడ, రాగం కట్టింది వేరే ఊరాయన. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదని, ఉత్తరాల మీదే పాట తయారైందని పాస్టరుగారు చెబుతారు. తర్వాత గోదావరి దిక్కున ఒక దొర, ఆయనకు తెలుగు నేర్పిన మునిషీ కలిసి దాన్ని తెలుగు చేశారట. పాట కింద చిన్న అక్షరాల్లో ఆవిడ పేరు, రాగం కట్టినాయన పేరు, దొర పేరు ఉంటాయి. మునిషీ పేరు లేదు. మేము ఏ పేరూ చదవం. నంబరు చూస్తాం, పాడతాం.

ప్రభాకర్ నాతోపాటు పంపు దగ్గర పనిచేసినవాడు. చివరి ఏళ్లలో కల్లుకు అలవాటుపడి చర్చికి రావడం మానేశాడు కానీ ఆ కీర్తన మాత్రం డ్యూటీలో కూనిరాగం తీస్తూనే ఉండేవాడు. దవాఖానాలో ప్రాణం పోయే ముందు తన భార్య వనజను ఒకటే అడిగాడట, తన సమాధి దగ్గర నాలుగు చరణాలూ పాడించమని. భద్రాచలం రోడ్డులో, అడవి అంచున ఉన్న వాళ్ల సొంతూరికి శవాన్ని తీసుకుపోతుంటే వనజ నాతో అంది, "మూడోది గూడ అన్నా, మరువకు."

"అవ్ చెల్లె" అన్నాను.

పుస్తకం తీసుకుపోలేదు. నాకు పుస్తకం అక్కర్లేదని గొప్ప. రెండో చరణం అయ్యాక నోరు తెరిచాను, ఏమీ రాలేదు. అన్నేళ్లు పాడిన పాటలో మూడో చరణం నాకు రానే రాదని ఆ గోతి ముందు నిలబడి తెలుసుకున్నాను. ఆఖరి చరణం ఎత్తుకున్నాను. జనం అలవాటుగా అందుకున్నారు. వనజ ఒక్కతే తలెత్తి చూసింది.

మట్టి వేశాక దగ్గరికొచ్చింది. "మూడోది పాడలే."

"మొగులు పట్టింది చెల్లె. వానొస్తదని జల్దీ చేసిన. మళ్లొచ్చి ఈడ పాడుత. నీకు బాకీ."

ఆ రోజు వాన పడలేదు. నేను మళ్లీ పోనూ లేదు.

ఈ ఫిబ్రవరిలో నా భార్య సరళ పోయింది. మాకు పిల్లలు లేరు. వనజ రోడ్డుదాకా నడిచి, బస్సెక్కి వచ్చింది. పాత మాట ఎత్తలేదు. పోయేముందు మాత్రం "ఇంట్ల రేడియో పెట్టుకో అన్నా, చప్పుడుండాలె" అంది.

పెట్టుకున్నాను. చప్పుడుంది, కానీ నేనేమన్నా తిరిగి పలికేది కాదు. పొద్దున రెండు గ్లాసుల చాయ్ కాచి, రెండోది మధ్యాహ్నం వేడి చేసుకుని తాగేవాణ్ని. ఒక సాయంత్రం కీర్తనల పుస్తకం తీసి ఆ పేజీ తిప్పి మూడో చరణం చదివాను.

దీపమారిన యింటిలోన
దేవ, నా ప్రక్క నుందువా?
పిలిచి పలుకని వేళలోన
పేరుబెట్టి పిలుతువా?

అంతే. దీనికి జవాబు నాలుగో చరణంలో ఉంది. పాట రాసిన ఆవిడ అడిగిన ప్రశ్నను పక్కనబెట్టి, ఇన్నేళ్లూ మేము జవాబు మాత్రం పాడుకున్నాం. ఆవిడ ఎవరిని పోగొట్టుకుని ఇది రాసిందో నాకు తెలియదు. కింద ఉన్న ఆమె పేరును ఆ సాయంత్రం మొదటిసారి కూడబలుక్కుని చదివాను.

తెల్లవారి భద్రాచలం బస్సెక్కి, వాళ్ల ఊరి స్టేజీలో దిగి రెండు కిలోమీటర్లు నడిచాను. వనజ వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోస్తోంది.

"వందనాలన్నా. తొమ్మిదేండ్లకు బస్సు దొరికిందా?"

"దొరికింది చెల్లె."

"కూసో, నీళ్లు తాగు. మొకం సూడు, మాడిన రొట్టె లెక్కయింది."

చెంబు కింద పెట్టి చెప్పేశాను. "ఆనాడు వాన గాదు చెల్లె. నాకా చరణం రాదు. రాదని చెప్పనీకి సిగ్గయ్యింది."

ఆమె చేతులు ఆగాయి. "రాకనా?"

"అవ్."

"నీకు రాకనే ఇడిసినవా?" చేతిలోని పువ్వులు కింద వేసింది. "నేనేమనుకున్ననో ఎర్కేనా అన్నా? కల్లు తాగెటోనికి సగం పాట చాలని పెద్దలంత కూడబలుక్కున్నరనుకున్న. మా ఆయనను తక్కువ జేసి పూడ్చిన్రనుకున్న. అందుకే మళ్ల మీ చర్చి గడప తొక్కలే. సరళక్క కోసం ఇంటికొచ్చిన గాని, చర్చి లోపటికి రాలే."

సిగ్గు దాచుకోవడానికి ఆడిన అబద్ధం నాకు చిన్నదే. ఆమె దాన్ని తొమ్మిదేళ్లు మొగుడి మీద పడ్డ తీర్పులా మోసింది.

"తప్పయింది చెల్లె."

"పుస్తకం పట్టుకొస్తే ఏం పోయిందయ్యా నీకు?" కసిరింది. కళ్లు తుడుచుకుంది.

"ఇయ్యాల తెచ్చిన."

"అయితే లే."

టేకు చెట్ల మధ్య సమాధులు పది కూడా ఉండవు. మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. కళ్లద్దాలు పెట్టుకుని మొదటి చరణం ఎత్తుకున్నాను. అందుకునే గొంతు లేదు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మూడో చరణంలో "దీపమారిన" దగ్గర ఆగిపోయాను. మళ్లీ మొదలుపెట్టి, ఒక్కో మాటా పుస్తకంలో చూసుకుంటూ చివరిదాకా పాడాను. తర్వాత నాలుగోది.

వనజ వంగి, మట్టి మీది ఎండుటాకులు చేత్తో తోసింది.

"ఇనవడ్డదా?" అంది ప్రభాకర్‌తో. "మొత్తం పాడిండు."