ఓబులేసు నాయన పేరున్న బండలు

ప్రతి సబ్జెక్టులోనూ పర్యావరణం చెప్పాలని, ఎవరేం చెబుతారో ప్లాను రాసి పంపమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. హెడ్‌ మేడం కృపారాణి దాన్ని స్టాఫ్ రూములో చదివి వినిపించింది.

లెక్కల మాస్టరు వీరభద్ర టీ గ్లాసు కింద పెట్టకుండానే తేల్చేశాడు. "అది సైన్సు వాళ్ల పని మేడం. లెక్కల్లో నేను చెట్లు యాడ నాటేది?"

"చెట్లొద్దులే సార్. మన బోరు ఎందుకెండిందో చెప్పండి, చాలు."

బోరు ఎండినప్పటి నుంచి వంట చేసే రాహేలమ్మ ఊరవతల నుంచి బిందెలు మోస్తోంది. ఇట్లాగే ఉంటే వచ్చే నెల పొయ్యి ముట్టించనని చెప్పేసింది. బడి ఆవరణంతా బేతంచెర్ల బండలు. వాన నీళ్లు నేలలోకి దిగే సందు లేక రోడ్డు మీదికి పోతాయి. నడుమ నాలుగు బండలు తీసి ఇంకుడు గుంత తవ్వితే సరిపోతుంది. కానీ అవి పాలిష్ ఫ్యాక్టరీ ఓబులేసు ఇచ్చినవి. ఇచ్చి ఊరుకున్నాడా? ఒక్కో బండ మీదా చనిపోయిన తండ్రి పేరు చెక్కించాడు. గోడకైతే ఒక్క ఫలకమే పడుతుంది, నేలమీదైతే కావలసినన్ని.

"మా నాయన పేరు పెరికేదానికి మీకు మనసెట్ల వస్తాంది మేడం?" అని, ఆమె అడగబోయినప్పుడే ఓబులేసు కళ్లు తుడుచుకున్నాడు.

ఆ కళ్లను తలచుకుంటూనే కృపారాణి ప్లాను రాసింది. లెక్కల్లో ఆవరణ కొలిచి, ఒక్క వానకు ఎన్ని బిందెలు రోడ్డుపాలో లెక్క కట్టాలి. సైన్సులో మట్టి మీదా బండ మీదా నీళ్లు పోసి చూడాలి. తెలుగులో 'మా బడి నేల' వ్యాసం రాసి ఇంట్లో పెద్దలకు వినిపించాలి. ఆటల్లో తొక్కుడుబిళ్ళ.

"తొక్కుడుబిళ్ళలో పర్యావరణం ఏముండాది మేడం?" అన్నాడు వీరభద్ర.

"నేలతో పరిచయం," అంది కృపారాణి నవ్వకుండా.

ఓబులేసు కూతురు శివాని ఏడో తరగతి. వ్యాసం రాసిన సాయంత్రమే నాయనమ్మ రామలక్ష్మమ్మను కూర్చోబెట్టి చదివి వినిపించింది. "మా బడి నేల నిండా మా జేజినాయనే. మేము ఆయన మీద ఒంటికాలితో గెంతుతాము. బురదకాళ్లు ఆయనకే తుడుస్తాము. కోడిగుడ్డు పొట్టు కూడా ఆయన మీదే వేస్తాము."

మర్నాడు పిల్లలు వరసలు కట్టకముందే రామలక్ష్మమ్మ కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. గేటు దగ్గర చెప్పులు విడిచింది. ఎటు అడుగు వేయబోయినా మొగుడి పేరే. అక్కడే నిలబడిపోయింది.

"ఒరే ఓబులేసూ, ఆయన పేరు నేను నోటితో గూడా పలికిందాన్ని గాదు. నువ్వు పిల్లోళ్ల కాళ్ల కింద పరిచినావా? ఇప్పుడు మేడం కాడికి నేను ఎగిరిపోవాల్నా?"

ఓబులేసు తల దించుకున్నాడు. దించినచోటా తండ్రి పేరే.

కృపారాణి ఎదురొచ్చింది. "నాలుగు తీస్తే చాలమ్మా."

"నాలుగేంది తల్లీ, అన్నీ పెరికిస్తాడు."

మధ్యాహ్నానికి ఫ్యాక్టరీ మనుషులు గడ్డపారలతో దిగి, బండలు పెరికి నడుమ గుంత తవ్వారు. ఒక్క బండను మాత్రం గుంతకు ఎదురుగా, ఎవరి కాలూ అందకుండా గోడలో నిలబెట్టారు. పోతూ పోతూ ఓబులేసు గొంతు తగ్గించాడు. "ఆ వ్యాసం పాప సొంతంగా రాసిందేనా మేడం?"

"సొంతంగానేనప్పా. పెద్దోళ్లకు వినపడేట్టు గట్టిగా చదవమని మాత్రం చెప్పినా."

వానలు మొదలయ్యాక వీరభద్ర ప్యాంటు మడుచుకుని బురదలో నడిచొచ్చాడు. "నా లెక్క తప్పింది మేడం. రోడ్డు మీదికి ఒక్క బిందె నీళ్లు పోలేదు."

వంటగదిలోంచి రాహేలమ్మ తొంగిచూసింది. "తప్పితే తప్పనీలే సార్. ఆ బోరు స్విచ్చి వేసి సూడండి."