ప్లూటో దగ్గర నిలబడ్డ పిల్ల

వందన పాఠాలు చెప్పే బడికి కిటికీలు లేవు. ఫిలింనగర్ గుట్ట వాలులో మూతపడిన డబ్బింగ్ థియేటర్‌ను కిరాయికి తీసుకుని, లోపల చెక్క అడ్డాలు పెట్టి ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నడుపుతున్నారు. గోడలకు మందపాటి గుడ్డ, దాని వెనక దూది. బయటి చప్పుడు లోపలికి రాదు. గుట్ట మీద ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ గెస్ట్‌హౌస్ కోసం నెల రోజులుగా బండలు పేలుస్తున్నారు. తరగతిలో కూర్చున్నవాళ్లకు అది కాళ్ల కింద నేల ఒక్క క్షణం జలదరించినట్టు మాత్రమే తెలిసేది. పిల్లలు దానికి అలవాటు పడిపోయారు. వందన కూడా పడింది. అదే ఆమె చేసిన మొదటి తప్పు.

అది రెండు వేల అయిదు సెప్టెంబరు. ఆమెతో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివినవాళ్లంతా అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకుని మాదాపూర్ అద్దాల మేడల్లోకి వెళ్లిపోయారు. ఆమె మాత్రం రోజూ టోలిచౌకి నుంచి బస్సు ఎక్కి ఈ బడికి వచ్చేది. ఏడో తరగతిలో ఇరవై నాలుగు మంది. మేకప్ వాళ్ల పిల్లలు, లైట్‌మెన్ పిల్లలు, డాన్సర్ల పిల్లలు. సౌర కుటుంబం పాఠం చెబుతుంటే వాళ్లకు దూరం అన్నది ఎక్కలేదు. పుస్తకంలో తొమ్మిది గ్రహాలూ దండలో పూసల్లా పక్కపక్కనే ఉన్నాయి మరి.

హరిణి అనే పిల్ల ఎప్పుడూ నోరు విప్పేది కాదు. తల్లి లీలాకుమారి సినిమాల్లో గ్రూప్ డాన్సర్. ఇద్దరూ కృష్ణానగర్‌లో ఒక్క గదిలో ఉండేవారు. ఆ రోజు ఆ పిల్ల చెయ్యెత్తి, ప్లూటో మీద నిలబడితే సూర్యుడు కనిపిస్తాడా అని అడిగింది. వందనకు ఆ ప్రశ్న ఎంత నచ్చిందంటే, జవాబు చెప్పబుద్ధి కాలేదు. నిలబెట్టి చూపించాలనిపించింది.

లెక్క వేసుకుంది. సూర్యుడు పిల్లలు ఆడుకునే పెద్ద రబ్బరు బంతి అయితే, భూమి ఆవగింజ. బంతికీ ఆవగింజకూ మధ్య ఇరవై అంగలు. గోళీకాయంత గురుగ్రహం నూటనాలుగు అంగల దూరంలో ఉండాలి. ప్లూటో ఇసుక రేణువు. అది దాదాపు ఎనిమిది వందల అంగల అవతల. బడి గేటు దగ్గర సూర్యుణ్ణి పెడితే, గుట్ట చుట్టూ తిరిగే రోడ్డు మీద ప్లూటో మలుపు దాటిపోతుంది.

ముందు రోజు వెళ్లి దారి చూసుకుంది కూడా. ఎర్ర జెండా పట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్న బాలనర్సయ్య అనే పెద్దాయనను పేలుళ్ల సంగతి అడిగింది.

"ఏం ఫికర్ లేదు మేడం. పొద్దుగాల పదకొండింటికి ఒకసారి, మళ్ల నాలుగింటికి. నడుమల ఏం ఉండది," అన్నాడాయన.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి పిల్లల్ని బయటికి తీసుకొచ్చింది. మబ్బు పట్టి ఉంది. గాలి ఆడడం లేదు. గుట్ట మీద బండలకు రంధ్రాలు తొలిచే కంప్రెసర్ ఆగిపోయి ఉంది. రోజూ చెవులు చిల్లులు పడేలా మోగే ఆ యంత్రం ఎందుకు ఆగిందో ఆమె ఆలోచించలేదు. ప్రశాంతంగా ఉందని సంతోషించింది. క్లాస్ లీడర్ సృజన్ చేతికి బంతి ఇచ్చి, మిగతా పిల్లల్ని అతనితో గేటు దగ్గర కూర్చోబెట్టి, తొమ్మిది మందిని వెంటబెట్టుకుని అంగలు లెక్కపెడుతూ నడిచింది. బుధుడు, శుక్రుడు, భూమి, అంగారకుడు బడి గోడ దాటకముందే దిగిపోయారు. ఆ తర్వాత దారి ఖాళీ అవుతూ వచ్చింది. శని దగ్గర పిల్లల నవ్వులు ఆగిపోయాయి. యురేనస్ పిల్లవాడు వెనక్కి చూసి, "బంతి కనిపిస్తలేదు టీచర్," అన్నాడు. నెప్ట్యూన్ తర్వాత హరిణి ఒక్కతే మిగిలింది.

మలుపు తిరిగాక పెద్ద బండ ఒకటి అడ్డం వచ్చింది. అక్కడికి వెనకటి పిల్లలెవరూ కనిపించరు. పక్కనే మట్టి గుట్టలు, వంగిన ఇనుప చువ్వలు, మనుషులు లేని రేకుల షెడ్డు. వందన మనసు ఒక్కసారి వెనక్కి లాగింది. ఆరు వందల అంగల దగ్గరే ఆపేద్దామా అనుకుంది. కానీ హరిణి అప్పటికే నోటుపుస్తకం తెరిచి, పైన తారీఖు వేసుకుంటోంది. రోడ్డు మీద నీళ్ల ట్యాంకర్లు తిరుగుతుంటాయి కదా అని వందన గట్టిగా చెప్పింది.

"నేను వచ్చి పిలిచేదాకా ఈడికెల్లి కదలొద్దు. ఎవ్వరు చెప్పినా సరే."

హరిణి తలూపింది.

వందన వెనక్కి తిరిగి శని దగ్గరికి వచ్చేసరికి విజిల్ వినిపించింది. పొడుగ్గా, ఆగకుండా. ఎదురుగా బాలనర్సయ్య జెండా ఊపుతూ పరుగెత్తుకొస్తున్నాడు. సాయంత్రం ఆ రోడ్డు మీద ఎవరిదో షూటింగ్ ఉందట. నాలుగింటికి యూనిట్ వాళ్లు వస్తారని కాంట్రాక్టరు పేలుడును రెండున్నరకు మార్చేశాడు. ఆయనకే పావుగంట కింద చెప్పారు.

ఆమె హరిణి వైపు పరుగెత్తబోయింది. బాలనర్సయ్య రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు. మిగతా పిల్లలు మలుపుకు ఇవతలే ఉన్నారు కానీ ఒక పిల్ల అవతల ఉందని చెబితే ఆయన ముఖంలో రంగు మారిపోయింది. గుట్ట వైపు తిరిగి, నోటి దగ్గర చేతులు పెట్టి అరిచాడు. మళ్లీ అరిచాడు. పైనుంచి ఎవరూ పలకలేదు.

"వత్తి అంటించిండ్రు మేడం," అన్నాడు. "ఇగ ఆగది."

వందన ఆయన్ని తోసుకుని పదడుగులు వేసింది. అప్పుడే నేల ఎగిరింది. గదిలో కాళ్ల కింద తెలిసే జలదరింపు కాదు అది. చప్పుడు ఛాతీలోకి దూరి వీపులోంచి బయటికి పోయింది. ఎర్రటి దుమ్ము లేచి మలుపును మూసేసింది. ఆ తర్వాత చాలాసేపు, వాన మొదలైనట్టు, రాళ్లు పడుతున్న చప్పుడు.

వందన ఎక్కడ నిలబెట్టిందో అక్కడే హరిణి పడి ఉంది. ఒళ్లంతా దుమ్ము. ఎడమ మోకాలు మీద రాయి పడి చిప్ప నుజ్జయింది. ఏడవడం లేదు. కళ్లు తెరుచుకునే ఉన్నాయి. అవతలి వైపు జెండా పట్టుకున్న కూలీ తర్వాత చెప్పాడు. రమ్మని ఎన్నిసార్లు పిలిచినా ఆ పిల్ల తల అడ్డంగా ఊపిందట. తను లాక్కొద్దామని బయల్దేరేసరికి టైము అయిపోయి, బండ వెనక్కి దూరానన్నాడు.

బంజారాహిల్స్‌లో ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. కాలు మిగిలింది కానీ ఇక మడత పడదన్నారు. మూడో రోజు ప్రిన్సిపాల్ సూర్యప్రకాశరావు వందనను గదిలోకి పిలిచి, పోలీసులకు ఇవ్వడానికి టైపు చేసిన కాగితం ముందు పెట్టాడు. బాలిక టీచరు మాట వినకుండా వరస వదిలి, జెండా దాటి లోపలికి వెళ్లిందని అందులో ఉంది. కాంట్రాక్టరు కూడా ఇదే రాసిచ్చాడని, ఇలా ఉంటే బడి నిలబడుతుందని, మిగతా పిల్లలకూ ఇదే మంచిదని ఆయన మెల్లగా చెప్పాడు. ఆయన గొంతులో కోపం లేదు, బెదిరింపు లేదు. అందుకే ఆమెకు ఎక్కువ భయం వేసింది. సంతకం పెట్టింది.

ఆ సాయంత్రం ఆసుపత్రికి వెళ్లింది. లీలాకుమారి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. కాంట్రాక్టరు మనిషి వచ్చి, హరిణే జెండా దాటి వెళ్లిందని చెప్పి పోయాడట. వందనను చూడగానే ఆమె లేచి నిలబడి, దండం పెట్టినంత పని చేసింది. తర్వాత కూతురి వైపు తిరిగింది.

"చూడు, టీచరుగారు నీకోసం ఎంత దూరం వచ్చారో. ఆవిడ మాట విని అక్కడే ఉండుంటే ఇలా అయ్యేదా? ఎందుకెళ్లావే?"

హరిణి తల కొంచెం తిప్పి వందన వైపు చూసింది. ఆ చూపులో నింద లేదు. తరగతిలో జవాబు తెలియనప్పుడు చూసినట్టే చూసింది, టీచరు చెబుతుందేమోనని.

"అక్కా, హరిణి యాడికి పోలేదు. కదలొద్దని నేనే చెప్పిన," అంది వందన.

లీలాకుమారి అర్థం కానట్టు చూసింది. వందన మొదటి నుంచీ చెప్పింది. సంతకం సంగతీ దాచలేదు. చెబుతున్నంతసేపూ ఆ తల్లి ఆమె ముఖం వైపు చూస్తూనే ఉంది. అరవలేదు. అంతా విన్నాక స్టూలు పక్కకి జరిపింది.

"నాకెందుకండీ చెప్పడం? మూడు రోజుల్నుంచి దాన్ని తిడుతున్నాను. దానికి చెప్పండి."

వందన మంచం దగ్గరికి వెళ్లి, వంగి, తప్పు తనదేనని హరిణికి చెప్పింది. హరిణి పెదాలు కదిపింది.

"అతను పిలిచాడు టీచర్. మీరేమో ఎవరు చెప్పినా అన్నారు."

మర్నాడు ఉదయం ఆమె బడికి వెళ్లలేదు. ఠాణాకు వెళ్లింది. ఫిర్యాదులు రాసుకునే రైటర్ ఓంప్రకాష్ ఆమె సంతకం ఉన్న కాగితం తీసి చూసి, ఇప్పుడు మాట మారిస్తే కేసు ఆమె మీదికే రావచ్చని చెప్పాడు. తెలుసంది. ఆయన కాసేపు పెన్నుతో బల్ల మీద కొట్టి, తెల్లకాగితం తీసుకున్నాడు. పేలుళ్ల జాగాలో పన్నెండేళ్ల పిల్లకు ఏం పని అని అడిగాడు. బంతి, ఆవగింజ, ఇసుక రేణువు అని ఆమె చెబుతుంటే ఒకసారి ఆపి, ప్లూటో అంటే ఏందని అడిగాడు. చెప్పింది. పాఠం కోసం అని రాసుకున్నాడు.

"మీరు నిలబడ్డ కాడికి ఆ పిల్ల కనవడుతుండెనా?"

"కనవడలే."

"అది గూడ రాయాల్నా?"

"రాయండి," అంది వందన.