మోత ఆపిన చెయ్యి

ఇప్పటికీ కుక్కర్ కూసినా సరే, ఆపబోయిన చెయ్యి వెనక్కి లాక్కుంటాను. ఎందుకో చెబుతాను.

మా కారులో స్టీరింగ్ దానంతటదే తిరుగుతుంది. అయినా చేతులు మాత్రం దాని మీద ఉండాలి. పట్టు తగలకపోతే ఎదురుగా తెర మీద రెండు చేతుల బొమ్మ వెలుగుతుంది, ఆ తర్వాత మోత మొదలవుతుంది. మా ఆయన వాచీలు బాగుచేస్తారు. వెంట్రుకంత స్ప్రింగులతో బతికిన మనిషి, ఆయన పట్టుకుంటే పట్టుకున్నట్టే ఉండదు. కుడి చెయ్యి స్టీరింగ్ మీద ఊరికే ఆనించి, ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. కారుకి అది చాలదు, మోగుతుంది. "అత్తగారు లేని లోటు ఇది తీరుస్తోంది" అని విసుక్కుంటూ నేను పక్క సీట్లోంచి చెయ్యి చాచి స్టీరింగ్‌ని పిసరంత కదిపేదాన్ని. దాంతో నోరు మూసుకునేది. కొన్నాళ్లకి అది నా డ్యూటీ అయిపోయింది.

ఆ రోజు మా చెల్లెలి ఇంటి నుంచి తిరిగొస్తున్నాం. మధ్యాహ్నం. పెద్ద రోడ్డు, ముందూ వెనకా లారీలు. మరిది ముందు ఆయన నా మాట తీసిపారేశారని నాకు ఒళ్లు మండిపోతోంది. బయల్దేరిన దగ్గర్నుంచీ సణుగుతూనే ఉన్నాను. మొదట్లో రెండు ముక్కలు జవాబిచ్చారు. తర్వాత "ఊఁ" అన్నారు. ఆ తర్వాత అదీ లేదు. అలిగితే ఇల్లు చేరేదాకా నోరు విప్పరు, నాకు తెలియనిదా! కారు మోగింది. కదిపి, నా పురాణం మళ్లీ అందుకున్నాను. మళ్లీ మోగింది, మళ్లీ కదిపాను. ఇవాళ దీనికేం పుట్టింది, మాటిమాటికీ మోగుతోంది అని చిరాకు పడ్డానే తప్ప ఆయన వైపు తల తిప్పలేదు. అలిగినవాళ్ల మొహం చూస్తే ముందు మనమే లొంగిపోవాలి కదా.

చివరికి లొంగింది నేనే. సీసా మూత తీసి, "నీళ్లు తాగుతారా?" అన్నాను. ఆయన ఇటు తిరిగారు.

మూతి ఒక పక్కకి జారిపోయి ఉంది. కుడి కన్ను సగం మూసుకుపోయింది. ఏదో అన్నారు, అది మాట కాదు.

"ఏమండీ! బ్రేకు తొక్కండి! బ్రేకండీ!"

నన్నెప్పుడూ ఎరగనట్టు చూశారు. స్టీరింగ్ మీద ఆ చెయ్యి తీగ మీద ఆరేసిన బట్టలా వేలాడుతోంది. కారు మాత్రం ఏమీ జరగనట్టు, ముందున్న లారీకి దూరం చూసుకుంటూ, తన గీతల మధ్య తాను పరుగెడుతోంది.

నాకు డ్రైవింగ్ రాదు. ఇంతలో మళ్లీ మోత. నా చెయ్యి అలవాటుగా స్టీరింగ్ మీదికి పోయింది, పోయి సగంలో ఆగింది. కారు అమ్మినాయన చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది. ఎంత మోగినా ఎవరూ పట్టుకోకపోతే, మనిషికి ఏదో అయిందనుకుని కారు మెల్లగా ఆగిపోతుందట, సాయానికి తనే ఫోన్ చేస్తుందట. అంటే ఎప్పుడో ఆగాల్సిన కారుని ఇంతసేపూ నేనే నడిపించానా?

చెయ్యి వెనక్కి లాక్కున్నాను. అంత భయం నా జన్మలో ఎరగను. మోత పెరిగింది. ఎదురుగా మలుపు. ఒళ్లో ఉన్న ఆయన మంచి చెయ్యి, గోల ఆపాలనేమో, స్టీరింగ్ వైపు లేచింది. రెండు చేతులతో పట్టేసుకున్నాను. ఆయన గింజుకున్నారు.

"వద్దండీ, మోగనివ్వండి, మీ కాళ్లు పట్టుకుంటాను," అని ఏడుస్తూ ఆ చెయ్యిని నా గుండెకి అదుముకున్నాను.

కారు ఒక్కసారి బ్రేకు వేసి మమ్మల్ని కుదిపింది. వెనక లారీ హారన్ చెవులు చిల్లులు పడేలా మోగింది. అద్దం నిండా లారీయే. గుద్దేస్తుందని కళ్లు మూసుకున్నాను. అది పక్కకి తప్పుకుని రయ్యిమని వెళ్లిపోయింది. మా కారు నెమ్మదించి నెమ్మదించి, దీపాలు మిణుకుమంటుండగా రోడ్డు మధ్యలోనే ఆగింది.

కారు తనే చేసిన ఫోన్‌లో, పైన స్పీకర్‌లోంచి ఒకమ్మాయి గొంతు వినపడింది. ఏమైందో ఏడుస్తూనే చెప్పాను.

"అంబులెన్స్ బయల్దేరింది మేడం. ఒక్కటి మాత్రం సరిగ్గా చెప్పండి. సార్‌కి ఈ పక్షవాతం మొదలై ఎంతసేపైంది? ఏ మందు ఇవ్వాలో దాన్ని బట్టే చూస్తారు. ఆలస్యమయ్యాక ఇస్తే ఆ మందే ప్రాణం తీయొచ్చు."

"తెలీదమ్మా. నేను చూడలేదు."

"కంగారు పడకండి, మీ కారు పంపిన వివరాలు నాకు కనపడుతున్నాయి. ఇందాకటిదాకా సార్ స్టీరింగ్ కదుపుతూనే ఉన్నారు. ఇప్పుడే మొదలైందని రాసేస్తున్నాను."

ఆయన చెయ్యి ఇంకా నా చేతుల్లోనే ఉంది.

"రాయకమ్మా," అన్నాను. "కదిపింది ఆయన కాదు. నేను."