పడుకున్న ముల్లు

మా ఆయన రోజూ పొద్దున్నే ట్రాక్టర్‌ని వాసన చూస్తాడు. బానెట్ ఎత్తి, రేడియేటర్ మీదికి వంగి, కళ్లు మూసుకుని గాలి పీలుస్తాడు. తర్వాత తల ఊపి, "బాగానే ఉంది" అంటాడు. పెళ్లయిన నాటి నుంచీ ఇదే తంతు. కాకపోతే కిందటేడు జ్వరం వచ్చి తగ్గాక ఆయన ముక్కుకి వాసనన్నదే తెలియడం లేదు. ఆ సంగతి ఆయన నాకు చెప్పలేదు. నాకు తెలిసిపోయిందన్న సంగతి నేనూ ఆయనకి చెప్పలేదు. పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, ఆ పక్కనే కూర్చుని తాపీగా ట్రాక్టర్ గొట్టానికి క్లిప్పు బిగించుకుంటున్న మనిషిని చూసిన రోజే నాకు అర్థమైంది. ఆ గిన్నె తోముతూ ఎంత ఏడ్చానో నాకే తెలుసు. అయినా పొద్దున్నే ఆయన పీల్చడం, నేను చూడటం, ఇద్దరం నమ్మినట్టు నటించడం మాత్రం మానలేదు. పని చేసిన అలసట పడుకుంటే తీరుతుంది. ఈ నటన తెచ్చే అలసట పడుకున్నా తీరదు.

మాది చిన్న ట్రాక్టర్. పండ్లతోటల్లో వరసల మధ్య దున్నడానికి పెద్దవి పట్టవు కాబట్టి మమ్మల్ని పిలుస్తారు. ఆయన దున్నుతాడు, నేను వెనక కొమ్మలు ఏరి కుప్ప వేస్తాను. పోయిన వేసవిలో రేడియేటర్ గొట్టం చీలి, ఇంజిన్ కాగిపోయి, దాని పైమూతలాంటి హెడ్డు వంకర తిరిగింది. రేడియేటర్‌లో పోసే కూలెంట్ కాగితే తియ్యటి వెగటు వాసన వస్తుంది, అది ఆయనకి ఆమడ దూరం నుంచే తెలిసేది. ఆ రోజు తెలియలేదు. డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం ఉంది గానీ, అది వెలిగేది అంతా అయిపోయాకే. లేత్ షాపు మనిషి హెడ్డుని సాపు చేసి ఇస్తూ, ఇందులో ఇక గీకడానికి ఏమీ మిగల్లేదనీ, ఇంకోసారి కాగితే ఇంజిన్‌కి నీళ్లు వదులుకోవడమేననీ చెప్పాడు. ఆ బండి పోతే ఈ వయసులో మా ఆయనకి ఇంకొకరి బండి ఎవరిస్తారు? ఆ భయం నాకు అన్నం తింటున్నా, బట్టలు ఉతుకుతున్నా వదల్లేదు.

అందుకే ఇంజిన్ వేడి చూపించే మీటర్ పెట్టిద్దామని పోరుపెట్టాను. ఆయన ముఖం మాడ్చుకున్నాడు. తను బతికుండగా ఇంజిన్‌కి థర్మామీటర్ దేనికన్నాడు. నేను సణుగుతూనే ఉన్నాను, సణగడంలో నన్ను మించినవాళ్లు లేరు. చివరికి విసిగిపోయి ఒప్పుకున్నాడు గానీ, బయటి మెకానిక్ బానెట్ మీద చెయ్యి వేస్తే ఊరుకోనన్నాడు. దాంతో మా తమ్ముడికి కబురు పెట్టాను. వాడు నీళ్ల మోటార్లూ పైపులూ బిగిస్తాడు. మా నాన్న పనే వాడికీ వచ్చింది.

తమ్ముడు మీటరూ, ఇంజిన్ వేడిని పసిగట్టి దానికి చెప్పే సెన్సరూ తెచ్చాడు. సెన్సర్ అంటే బొటనవేలంత ఇత్తడి ముక్క, దానికి ఒకే ఒక్క వైరు. బిగించే ముందు పరీక్ష చేద్దామని నా చేత గిన్నెలో నీళ్లు మరిగించాడు. ఆ వైరుని మీటర్‌కి కలిపి, సెన్సర్ వంటికి ఒక క్లిప్పు తగిలించి, బ్యాటరీ నెగెటివ్‌కి కలిపి నీళ్లలో ముంచాడు. మీటర్‌లో ముల్లు నిదానంగా లేచి నిలబడింది. నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. మా ఆయన మాత్రం పెదవి విరిచి, వంటింట్లో పనికొస్తుందిలే అన్నాడు.

ఇంజిన్ హెడ్డు పక్కన ఒక బిరడా ఉంది, సెన్సర్ దూరాల్సింది అక్కడే. అది తుప్పుపట్టి బిగుసుకుపోయింది. నూనె పోసి, సుత్తితో తట్టి, దాన్ని కదిలించేసరికి తమ్ముడికి తల ప్రాణం తోకకి వచ్చింది. తీరా ఊడొస్తే ఆ కంతకీ సెన్సర్‌కీ మర చుట్లు సరిపోలేదు. మధ్యలో ఇంకో ఇత్తడి ముక్క వేయాల్సి వచ్చింది. అప్పుడు వాడు జేబులోంచి తెల్ల టేపు తీశాడు. మా నాన్న పైపుల పనిలో ఒకే ఒక్క సూత్రం నేర్పాడు: చుక్క కారితే అది పనే కాదు. ఇంట్లో అందరం టేపు దండిగా చుట్టేవాళ్లమే, నేను పంపు మార్చినా అంతే. తమ్ముడు సెన్సర్ మరకీ, ఇత్తడి ముక్క మరకీ కనబడనంత మందంగా చుట్టి బిగించాడు. నేను లైటు పట్టుకుని చూస్తూ, నాన్న ఉంటే మెచ్చుకునేవాడని కూడా అన్నాను. బండి తిప్పితే నిజంగానే చుక్క కారలేదు. ముల్లు మాత్రం అడుగున పడుకునే ఉంది. చిన్న ఇంజిన్ కదా, దున్నేటప్పుడు లేస్తుందిలే అని తమ్ముడు వెళ్లిపోయాడు.

దున్నినా లేవలేదు. తన ఇంజిన్ చల్లగా ఉందని మా ఆయనకి ఒకటే సంబరం. మీటర్ వద్దన్న మనిషి దాన్ని నెత్తిన పెట్టుకున్నాడు. ఇదివరకు వరస చివర ఆగి, రేడియేటర్ గొట్టం మీద చెయ్యి వేసి చూసేవాడు. ఇప్పుడు అదీ మానేసి ముల్లు వంకే చూస్తూ తోలుకుపోతున్నాడు. నేనూ ఊపిరి పీల్చుకున్నాను. చాలా రోజుల తర్వాత ఆయన వెనక నిశ్చింతగా నడిచాను.

ఆ మధ్యాహ్నం కొమ్మలు కుప్ప వేస్తుంటే గాలిలో ఆ వాసన వచ్చింది. తియ్యగా, వెగటుగా. చేతిలోవి పారేసి పరిగెత్తి, బండికి అడ్డంగా నిలబడ్డాను. ఆయన బ్రేకు వేసి, విసుగ్గా మీటర్ చూపించాడు.

"ముల్లు పడుకునే ఉంది కదే. వాసన కూడా ఏం రావట్లేదు."

"వస్తోంది," అన్నాను. "మీకే తెలియట్లేదు."

ఆయన నా ముఖంలోకి చూశాడు. నాకు ఎప్పుడు తెలిసిందని అడగలేదు. చెయ్యి చాచి ఇంజిన్ ఆపేశాడు. బానెట్ ఎత్తితే సెగ ముఖానికి కొట్టింది. రేడియేటర్ జాలీ నిండా ఆకు పొడి పట్టేసి గాలి ఆడటం లేదు, మూత పక్కనుంచి కూలెంట్ బుసబుసా పొంగుతోంది. ఇంకో వరస తోలి ఉంటే అంతా అయిపోయేది. చల్లారేదాకా ఇద్దరం చెట్టు నీడన కూర్చున్నాం. నాకు కోపం లేదు, ఏడుపూ లేదు, ఒట్టి నీరసం.

సాయంత్రం తమ్ముడు వచ్చి సెన్సర్ విప్పాడు. టేపు చూడగానే వాడికి తప్పు తెలిసింది. ఆ సెన్సర్‌కి ఒకటే వైరు, కరెంటుకి రెండో దారి ఇంజిన్ ఇనుమే. దాని మర ఇనుముని తాకితేనే ముల్లు కదులుతుంది. గిన్నెలో ముంచినప్పుడు ఆ పని క్లిప్పు చేసింది. ఇంజిన్‌లోకి వచ్చేసరికి మా నాన్న టేపు అడ్డం పడింది. తమ్ముడు టేపంతా గీకి, సన్నగా జిగురు రాసి బిగించి, అనుమానం తీరక ఇంకో వైరు కూడా ఎర్త్‌కి కలిపాడు. బండి తిప్పాక ముల్లు లేచి మధ్యలోకి వచ్చి ఆగింది. అప్పుడు చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"అంత పొంగింది కదా బావా, నీకు వాసన రాలేదా?"

నేను గబగబా అందుకుని, గాలి అటువైపు వీస్తోందని చెప్పబోయాను. మా ఆయన చేత్తో ఆపాడు.

"గాలి కాదురా. నాకు వాసన తెలియదు. కిందటేటి నుంచీ ఇంతే. మీ అక్కకి తెలుసు. తనొక్కతే మోస్తోంది."

నేను లోపలికి వెళ్లి, తలుపు చాటున నిలబడి ఏడ్చాను. ఏడాది నుంచి ఆపుకున్నదంతా అప్పుడు బయటికొచ్చింది.

మర్నాడు పొద్దున్న ఆయన బానెట్ ఎత్తాడు. ఎప్పటిలా కళ్లు మూసుకుని వంగలేదు. వాకిట్లో బకెట్ కడుగుతున్న నన్ను పిలిచాడు.

"ఒకసారి ఇలా రా. వాసన చూడు."

చెయ్యి కొంగుకి తుడుచుకుని వెళ్లి, రేడియేటర్ మీదికి వంగి గాలి పీల్చాను. నూనె, దుమ్ము, కొంచెం పచ్చి ఆకు. తియ్యటి వాసన ఎక్కడా లేదు.

"బాగానే ఉంది," అన్నాను.

ఆయన తల ఊపి సీటెక్కాడు.