మిసెస్ లాలొండ్ గొంతు

మా సడ్‌బరీ ఊళ్ళో మిగతా బళ్ళన్నీ మాకొద్దని పంపేసిన పిల్లలు చివరికి చేరేది మా బడికి. ఇక్కడి నుంచి కూడా పంపేస్తే ఇక పోవడానికి చోటు లేదు. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు అని ప్రిన్సిపాల్ గది బయట కూర్చుని ఆరా తీయడం నా పని. పొద్దున్నే తల్లులు ఫోన్లు చేస్తారు. కొందరు ఏడుస్తారు, కొందరు నన్ను తిడతారు, చాలామంది అసలు చెయ్యరు.

మిసెస్ లాలొండ్ మాత్రం వేరు. "గుడ్ మార్నింగ్ లోర్నా గారూ. మా రొషెల్‌కి జ్వరం, ఇవాళ రాదు. లెక్కల పాఠం కాగితాలు కాస్త తీసిపెడతారా?" అనేది. గొంతులో తొందర ఉండదు, బతిమాలడం ఉండదు. ఆ చలికాలం మొదట్లో కూతురికి ఉచిత బస్ పాస్ కావాలంది. కుదరదని చెప్పాను. ఆవిడ కోప్పడలేదు, ఫోనూ పెట్టలేదు. "కుదరాలంటే ఎవరిని అడగాలో చెప్పండి, నేనే అడుగుతాను" అంది. చివరికి నేనే వెళ్ళి అడిగి ఇప్పించాను. మా ప్రిన్సిపాల్ గాస్టన్‌కి కూడా ఆవిడంటే మహా గురి. తల్లిదండ్రుల కమిటీలో చేరమని ఫోన్‌లో అడిగాడు. ఆవిడ ఎంత మర్యాదగా తప్పించుకుందంటే, ఆయన మురిసిపోయాడు.

కూతురు చూడబోతే అలా కాదు. పదిహేడేళ్ళొచ్చాయి, ఏదడిగినా నేల చూపులు చూస్తూ "ఏమో" అంటుంది. ఆ తల్లికి ఈ పిల్ల ఎలా పుట్టిందా అని నాకు విసుగొచ్చేది.

ఫిబ్రవరిలో ఒకరోజు రొషెల్‌కి మళ్ళీ జ్వరమని ఆవిడ ఫోన్ చేసింది. లెక్కల కాగితాలు ఇచ్చిపోదామని మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తీసినావిడ జబ్బు మనిషిలా గోడ పట్టుకుని నిలబడింది. మీరేనా మిసెస్ లాలొండ్ అంటే తల ఊపింది. బడి పేరెత్తగానే వణికిపోయింది. "రొ... రొషెల్..." అని లోపలికి పిలవడం తప్ప నోట మాట పెగల్లేదు. రొషెల్ సూప్ గరిటెతో పరిగెత్తుకొచ్చింది. జ్వరమూ లేదు, గిరమూ లేదు. నన్ను చూసి పాలిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. రెండేళ్ళుగా ఆ ఫోన్లు చేసింది ఇదే, నన్ను వెర్రిదాన్ని చేసి ఆడించింది! అమ్మలా ఫోన్ చేసి అబద్ధాలాడితే మా బడిలో పేరు కొట్టేస్తారు. గాస్టన్‌కి చెప్పక తప్పలేదు. ఆయన నాకంటే ఎక్కువ మండిపడ్డాడు. కమిటీ సంగతి గుర్తొచ్చి ఉంటుంది.

మర్నాడు ఆయన గదిలోకి పంపే ముందు రొషెల్‌ని నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. అప్పటికి నా కోపం చల్లారింది.

"లోపల ఏం చెప్తావే?"

"ఏమో."

"ఏమో అంటే పంపించేస్తాడు."

"పంపించెయ్యనీండి మిస్. నాకేం చేతనవును గనక?"

"మరి నా చేత బస్ పాస్ ఇప్పించిందెవరు?"

"అది నేను కాదు. అది అమ్మ గొంతు."

"మీ అమ్మ అలా మాట్లాడేదా? జబ్బు చెయ్యకముందు?"

"లేదు," అంది. "అమ్మ ఎప్పుడూ ఇంతే మిస్. ఫోన్ మోగితే భయం. చిన్నప్పట్నుంచీ నా చేతికే ఇచ్చేసేది."

"మరి ఆ గొంతు ఎవరిదే?"

లేచి గాస్టన్ గదిలోకి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది. ఎందుకు చేశావని గాస్టన్ అడిగాడు. "ఏమో." ఇంట్లో మీ అమ్మని చూసేదెవరని అడిగాడు. "ఏమో." ఆయన పేరు కొట్టెయ్యడానికి పెన్ను తీశాడు. వెళ్ళి ఆ పిల్ల జబ్బ పట్టుకుని లాక్కొచ్చి, నా కుర్చీలో కూలేసి, గాస్టన్ నంబరు నొక్కి ఫోన్ చేతిలో పెట్టాను.

"లోర్నా, నీకేమైనా పిచ్చా?" అని లోపల్నుంచి కేక వేశాడు.

"ఫోనెత్తు," అన్నాను.

ఎత్తాడు. రొషెల్ నిటారుగా కూర్చుంది.

"గుడ్ మార్నింగ్ గాస్టన్ గారూ. నేను మిసెస్ లాలొండ్..." ఆగిపోయింది. నా వైపు చూసింది.

"కాదు సార్," అంది, అదే గొంతుతో. "నేను రొషెల్‌ని. నా గురించే మాట్లాడాలి. అబద్ధం చెప్పడం తప్పే. కానీ పొద్దున అమ్మకి మందులిచ్చి, తినిపించి గానీ కదల్లేను. మొదటి పీరియడ్ వదిలేస్తే రోజూ వస్తాను. ఆ పాఠం సాయంత్రం ఉండి చెప్పించుకుంటాను. మీ చేతుల్లో లేదంటే ఎవరిని అడగాలో చెప్పండి, నేనే అడుగుతాను."

లోపల పెన్ను కింద పెట్టిన చప్పుడైంది.

"నా చేతుల్లోనే ఉందిలే," అన్నాడు గాస్టన్. "సోమవారం నుంచి రెండో పీరియడ్‌కి రా. అన్నట్టు, ఆ కమిటీ సంగతి..."

"అది మాత్రం కుదరదు సార్. ఏమీ అనుకోకండి."

ఫోన్ పెట్టేసింది గానీ, దాని మీంచి చెయ్యి తియ్యలేదు.

"నాదే మిస్," అంది. "ఆ గొంతు నాదే."