నాయకుడి కోసం ఆగిన కల్యాణం

మనం రాముణ్ణి నమ్ముకున్నామా, రాముడి గుడికి కప్పు వేయిస్తానన్న మనిషిని నమ్ముకున్నామా అన్న అనుమానం ఏళ్ల తరబడి నన్ను వదల్లేదు.

1988 శ్రీరామనవమి. రేపల్లె దగ్గర మా ఊళ్లో, తాటాకు పందిట్లో సీతారాముల కల్యాణం జరుగుతోంది. ముహూర్తం దగ్గరపడింది. పూజారి అచ్యుతరామయ్యగారు మంగళసూత్రం పట్టుకుని కూర్చున్నారు. పార్టీ నాయకుడు చలపతిరావుగారు రానిదే సూత్రం కట్టకూడదని, తొలి తలంబ్రాలు ఆయనవేనని కమిటీ కట్టడి. ఆయన ఇంకా తెనాలిలో మీటింగులోనే ఉన్నారని ఫోనొచ్చింది.

"కాస్త ఆగండి పంతులుగారూ. ఆయనకి కోపమొస్తే మనకి కప్పు రాదు" అన్నాడు కమిటీ ప్రెసిడెంటు యలమంద.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏంటి బావా, పెళ్లికొడుకు పీటల మీదుంటే ఎవరి కోసం ఈ ఎదురుచూపులు? రాముడికి నీడనిచ్చేది ఆయనా?"

"మెల్లిగా బావా, ఆయన మనుషులున్నారు ఇక్కడ" అన్నాడు యలమంద.

"విననీ! దాటిపోయిన ముహూర్తాన్ని కారులో వేసుకొస్తాడా?"

పూజారిగారు ఒకసారి నావంక చూసి, "భజంత్రీలు!" అని కేకేసి సూత్రం కట్టేశారు.

తలంబ్రాలకు మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. అప్పుడు వెనక నుంచి వెంకటరత్నమ్మత్త లేచింది. కూతురికి టైఫాయిడ్ తగ్గితే తలంబ్రాలు పోయిస్తానని ఆమె ఎప్పుడో మొక్కుకుంది. ఏటా నాయకుడి జనం ఆమెను వేదిక దాకా రానిచ్చేవారు కాదు.

"తప్పుకో నాయనా" అని యలమందను పక్కకు జరిపి, కొంగున ముడేసి తెచ్చుకున్న తలంబ్రాలు విప్పి పూజారిగారి దోసిట్లో పోసింది. ఆయన వాటిని రాముడి తలమీద జారవిడిచారు. అత్త మొక్కు చెల్లింది.