కప్పు చూసే మనిషి

బైక్ జారి, మోకాలు చీలి, పోశం అదే బైక్ మీద భార్యతో మా ఎమర్జెన్సీ వార్డుకు వచ్చాడు. హెల్మెట్ మాత్రం చెక్కుచెదరలేదు. అది బైక్ అద్దానికి తగిలించి ఉందట.

గనిలో కప్పు పరీక్షించడం ఆయన డ్యూటీ. ఇనుప రాడ్‌తో కొట్టి, మోత విని, కూలుతుందో లేదో చెప్పేస్తాడు. ముప్పై ఏళ్లలో కింద ఒక్కసారీ హెల్మెట్ తీయలేదట.

"మరి రోడ్డు మీద?" అన్నాను కుట్లు వేస్తూ. నిన్న ఇదే బల్ల మీద, హెల్మెట్ లేక తలలు పగిలిన ఇద్దరు చనిపోయారు.

"పైన ఏం గూల్తది సారూ, మొగులా?" అంటూ కిటికీలోంచి ఆకాశం చూపించాడు.

నాకు ఒళ్లు మండింది. ఆ ఇద్దరి సంగతీ చెప్పాను. పోశం వినడం లేదు. నా నెత్తి మీది కప్పునే చూస్తున్నాడు.

"సారూ, గా పెచ్చు వదులైంది. జర ఇటు జరుగుండ్రి."

జరిగాను. నేను నిలబడ్డ చోటే పెచ్చు పడింది. వెంటనే పోశం భార్య కనకవ్వ చేత హెల్మెట్ తెప్పించుకుని పెట్టుకున్నాడు. కుట్లు పూర్తయ్యేదాకా తీయలేదు.

ఆయన వెళ్లేటప్పుడు కిటికీలోంచి చూశాను. మెట్లు దిగి, ఒకసారి తల పైకెత్తి, ఆకాశం గట్టిగానే ఉందని తేల్చుకుని, హెల్మెట్ తీసి బైక్ అద్దానికి తగిలించాడు.